రేపు తెలియని వాక్యం: కృత్రిమ మేధ కాలంలో నిత్యలేఖనం

తెలుగు పరిశోధన రంగంలో ఇటీవల ఒక వాదం మెల్లగా స్థిరపడుతున్నది. ఆలోచన పరిశోధకుడిదైతే చాలు, దానిని వాక్యాలలో పెట్టే పనిని యంత్రానికి అప్పగించవచ్చునన్నది ఆ వాదం. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజల ముందుకు వచ్చిన తొలి రోజులలో ఈ మాట గుసగుసగా వినిపించేది. ఇప్పుడు సదస్సుల వేదికల మీదనే వినిపిస్తున్నది. దీనికి అనుబంధంగా మరొక మాట కూడా పుట్టింది. చదివినదానికి ఎత్తిరాతలు రాసుకోవడం, క్షేత్ర పర్యటనలో ప్రతి సాయంత్రం నోటుపుస్తకం నింపడం, ఏళ్ల తరబడి దినచర్య రాయడం వంటివి తీరిక ఉన్నకాలపు చాదస్తాలన్నది ఆ మాట.

ఈ వాదాన్ని ఎదిరిస్తున్న పక్షం ఎదిరించే తీరు మరీ బలహీనంగా ఉన్నది. యంత్రానికి హృదయం లేదు, అనుభూతి లేదు, కనుక దాని రాత నిర్జీవమని ఆ పక్షం చెబుతుంది. హృదయమూ అనుభూతీ పుష్కలంగా ఉన్న మనుషులు రాసిన నిర్జీవమైన సిద్ధాంత వ్యాసాలు మన గ్రంథాలయాల అరలలో వరుసలు తీరి ఉండగా ఈ సమాధానం ఎవరిని ఒప్పిస్తుంది? నిజానికి రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. రాత విలువను చివరకు చేతికి వచ్చే వాచకంతోనే కొలుస్తున్నాయి. ఒకరు ఆ వాచకాన్ని యంత్రం కూడా ఇవ్వగలదంటారు, మరొకరు అంత బాగా ఇవ్వలేదంటారు. యంత్రం రేపు ఇంకా బాగా ఇస్తే రెండవ పక్షానికి నిలబడే చోటు ఉండదు.

దీర్ఘకాలం ఒకే మనిషి తేదీలు వేసి రాసుకున్న రాత విలువ వాక్యాల సొగసులో లేదు. ఆ వాక్యం రాసిన రోజున మరునాడు ఏమి జరగబోతున్నదో రాసిన మనిషికి తెలియదు. ఆ తెలియనితనమే దాని సాక్ష్యబలం. యంత్రం ఇచ్చే వాచకంలో లేనిది కూడా అదే. అది ఎంత బాగున్నా అంతా ముగిసిన తరువాత వెనక్కు తిరిగి చూసి చెప్పే మాటలాగే ఉంటుంది.

కాశీయాత్రలోని తేదీలు

ఈ తేడాను చూపడానికి తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను మించిన ఉదాహరణ లేదు. మద్రాసు సుప్రీం కోర్టులో ప్రధాన దుబాసీగా ఉన్న వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుంచి పరివారంతో బయలుదేరారు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం, జబల్‌పూరుల మీదుగా ప్రయాగ, కాశీ, గయ చేరి, కలకత్తా, పూరీ, విశాఖపట్టణం, రాజమహేంద్రవరం దారిన 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. దారి పొడవునా రాసిన విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపుతూ వచ్చారు. 1836లో వీరాస్వామయ్య మరణించగా, 1838లో శ్రీనివాసపిళ్ల ఆ రాతలను ముద్రింపజేశారు. శతాబ్దం గడిచిన తరువాత 1941లో దిగవల్లి వేంకటశివరావు పరిష్కరించి వెలువరించిన ప్రతి ద్వారానే ఇరవయ్యో శతాబ్దపు పాఠకులకు ఆ గ్రంథం ప్రధానంగా తెలిసింది.

ఈ గ్రంథాన్ని తొలిసారి చదివినవారు సాధారణంగా విసుగుపడతారు. ఈ విసుగును దాచవలసిన పని లేదు. ఊరి తరువాత ఊరు. ఈ ఊరు ఎంత దూరం, దారి రాళ్లదా ఇసుకదా, నీళ్లు ఉన్నాయా, కావలసిన సరుకులు దొరుకుతాయా, దిగడానికి వసతి ఎటువంటిది? ఇవే సంగతులు మజిలీ మజిలీకీ తిరిగి వస్తాయి. మధ్యలో ఎక్కడో సృష్టిని గురించో, కర్మను గురించో, దేశాచారాలను గురించో దీర్ఘమైన విచారణ మొదలవుతుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ దారి. దీనిని ఒక యంత్రానికి ఇచ్చి ముఖ్యాంశాలు రాయమంటే మొదట ఎగిరిపోయేవి ఈ నీళ్లూ దారులే. పునరుక్తి కనుక అవి దోషంగానే కనిపిస్తాయి. మిగిలేది కాశీ మహిమ, హైదరాబాదు నగర వర్ణన, కలకత్తాలో ఇంగ్లీషువారి వైభవం.

అయితే చరిత్రకారులకు ఆ గ్రంథంతో పనిపడేది ఎక్కడ? ఒక ఊరిలో నీరు బాగున్నదని ఒక్కసారి రాస్తే అది ముచ్చట. పదిహేను నెలలపాటు ప్రతి మజిలీలో నీటిని గమనించి రాస్తే అది 1830 నాటి మార్గాల స్థితికి సాక్ష్యం. ఏ సంగతి తరువాత పనికి వస్తుందో తెలియక అన్నీ రాయడం వల్లనే ఆ సాక్ష్యం నిలిచింది. యాత్ర ముగించి ఇంట్లో కూర్చుని జ్ఞాపకం మీద రాసి ఉంటే వీరాస్వామయ్య వంటి విద్వాంసుడు కూడా నీళ్లను వదిలి క్షేత్రమాహాత్మ్యం రాసి ఉండేవారేమో. అటువంటి గ్రంథాలు తెలుగులో కొరత లేకుండా ఉన్నాయి.

భాష విషయం ఇంకా ముఖ్యమైనది. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడింది. ఆ నమూనాయే తెలుగు వచనానికి ఆదర్శమని విద్యాలయాలు నమ్మిన కాలం చాలా ఉన్నది. దానికి రెండు దశాబ్దాలకు పైగా ముందే వీరాస్వామయ్య ఉర్దూ, తమిళ, ఇంగ్లీషు మాటలను సంకోచం లేకుండా కలుపుకొని, చెన్నపట్టణంలో ఉద్యోగస్థులైన తెలుగువారు మాట్లాడుకునే తీరుకు దగ్గరగా వందల పుటల వచనం రాశారు. ఆయన ఏ ఉద్యమమూ నడపలేదు, ఏ సిద్ధాంతమూ ప్రకటించలేదు. రోజూ రాయవలసి వచ్చింది. అలసి మజిలీ చేరిన మనిషి చేతికి రోజూ అందేది నాలుక మీది భాషే. పుస్తకం రాయాలని సంకల్పించి కూర్చున్నవాడి చేతికి అందేది పుస్తకాల భాష. వ్యావహారిక వాదానికి తరువాతి కాలంలో ఆ గ్రంథం ఆధారం కాగలిగిందంటే కారణం ఈ తేడాయే.

యంత్రం చేతికి అందేది ఏ భాష? ఇప్పటికే రాయబడి, అంకరూపంలోకి ఎక్కిన వాచకరాశి నుంచి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకున్న యంత్రం అది. అంకరూపంలో ఉన్న తెలుగు ఇంగ్లీషుతో పోలిస్తే అత్యల్పం. ఆ అల్పంలోనూ వార్తలు, సినిమా కబుర్లు, అనువాదాలు పెద్ద వాటా. కనుకనే సిద్ధాంత వ్యాసాల సారాంశాలలో నేడు ఒకే రకం వాక్యం వినిపిస్తున్నది. ప్రతి కవీ సమాజంలో ‘కీలక పాత్ర పోషిస్తాడు’. ప్రతి కావ్యమూ ‘కేవలం కావ్యం మాత్రమే కాదు’. ప్రతి పనీ ‘చేయబడుతుంది’. న్యాయంగా చెప్పాలంటే ఈ దోషాలను యంత్రం కనిపెట్టలేదు. ప్రభుత్వ ఉత్తర్వులూ పత్రికల అనువాదాలూ నూరేళ్లుగా పోగుచేసిన దోషాలను అది శ్రద్ధగా నేర్చుకుని తిరిగి మనకే అప్పగిస్తున్నది.

రెండు కన్యాశుల్కాల మధ్య

యంత్రం పక్షాన వినవచ్చే బలమైన మాట ఒకటి ఉన్నది. తిరగరాయడం రచనకు ప్రాణమైతే, యంత్రం నిమిషంలో పది ప్రతులు ఇవ్వగలదు కదా అన్నది ఆ మాట.

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. 1909లో వెలువడిన రెండవ ప్రతి పేరుకే రెండవ కూర్పు, వాస్తవానికి దాదాపు కొత్త నాటకం. మధురవాణి పాత్ర పెరిగిన తీరు ఒక్కటి చాలు. తొలి ప్రతిలో కథకు ఉపకరించే వేశ్య మలి ప్రతిలో కథను తూచే మనిషి అయింది. రెండు ముద్రణల మధ్య పన్నెండేళ్లు గడిచాయి. గురజాడ ఆ జీవితకాలంలో దినచర్యలు రాసినవారు, వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో. తెలుగు వాడుకభాష కోసం మద్రాసు విశ్వవిద్యాలయానికి 1914లో అసమ్మతి పత్రం సమర్పించిన మనిషి తన రోజువారీ సంగతులను ఇంగ్లీషులో రాసుకోవడం ఆ తరం విద్యావంతుల భాషాస్థితిని చెప్పే సంగతే కాని, ఆక్షేపించవలసినది కాదు. ఆ డైరీల వల్లనే నాటకం మారిందని చెప్పడానికి ఆధారం లేదు. ఇక్కడి వాదానికి ఆ ఆధారం అవసరమూ లేదు.

అవసరమైనది ఇంతే. 1897 నాటి ప్రతినీ 1909 నాటి ప్రతినీ రాసింది ఒకే మనిషి. మధ్యలో అతడు మారాడు. సమాజాన్ని చూసే చూపు మారింది, సంఘసంస్కారం మీది నమ్మకంలోకి సందేహం చేరింది. రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చదివే పరిశోధకుడికి కనిపించేది ఆ మార్పే. నిమిషంలో పుట్టిన పది ప్రతుల మధ్య తేడాలు ఉంటాయి, కాని వాటి మధ్య ఎవరూ ఏమీ అనుభవించి ఉండరు. ఒక ప్రతి మరొకదాన్ని తప్పని తేల్చి పుట్టలేదు. పాఠపరిష్కరణం తెలిసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పాఠాంతరానికి విలువ వచ్చేది దాని వెనుక ఒక లేఖకుడో, ఒక కాలమో, ఒక ప్రాంతమో ఉన్నందువల్ల.

చెవికి బదులు కాగితం

గిడుగు వేంకట రామమూర్తిని తెలుగు శాఖలు వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా స్మరించినంతగా సవర భాషా పరిశోధకుడిగా స్మరించవు. ఇది మన పాఠ్యప్రణాళికల పాత లోపం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవర భాష తెలిసినవారిని ఇంట ఉంచుకుని భాష నేర్చి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపి, ఆయన దశాబ్దాలపాటు సామగ్రిని కూర్చారు. సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1940లో ఆయన మరణించారు. అంటే పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన రాత ఆయన జీవితపు చివరి దశాబ్దంలో గ్రంథమైంది. మన్యంలో తిరిగినందువల్ల వచ్చిన చలిజ్వరానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని దెబ్బతీసిందన్నది ప్రసిద్ధం.

వినికిడి పోయిన భాషాశాస్త్రవేత్తకు చెవి ఇచ్చే సాక్ష్యం ఆగిపోతుంది. అటువంటివాడికి విన్నరోజున రాసుకున్నదే ఆధారం. ఇక్కడ నిత్యలేఖనం శీలనిర్మాణ సాధనమో, మనశ్శాంతి మార్గమో కాదు. వ్యక్తిత్వవికాస పుస్తకాలు డైరీని ఆ స్థాయికి దించి చాలాకాలమైంది. ఆ పొగడ్త వల్లనే పరిశోధకులు దానిని చిన్నచూపు చూడడం మొదలుపెట్టారేమో. గిడుగు విషయంలో అది పరిశోధనకు ఆధారసామగ్రి. అంకరూప వాచకరాశిలో సవర వంటి భాష ఎంత ఉంటుంది? ఎవరూ రాయనిదాన్ని ఏ యంత్రమూ నేర్చుకోలేదు. తెలుగు మాండలికాలలో చాలావాటి స్థితి దీనికి ఎంతో దూరంలో లేదు.

ఒగ్గుకథను అధ్యయనం చేసే పరిశోధకుడిని ఊహించవచ్చు. మొదటి రాత్రి మల్లన్న కథ విని, ఫలానా ఘట్టాన్ని కథకుడు మరిచిపోయాడని రాసుకుంటాడు. నెల తరువాత మరొక ఊరిలో అదే ఘట్టం వినిపిస్తుంది. మూడవసారి వెళ్లినప్పుడు, ఆ ఘట్టం చెప్పడానికి సందర్భం వేరని, మొదటి రాత్రి అది చెప్పకూడదని బృందంలోని పెద్ద చెబుతాడు. మొదటి రాత్రి రాసుకున్న తప్పు ఇప్పుడు నోటుపుస్తకంలో అన్నిటికంటే విలువైన వాక్యం. కథాసంప్రదాయానికి బయటివాడి చెవి ఎక్కడ పొరబడుతుందో అది చూపుతుంది. ఈ పరిశోధకుడే మూడు పర్యటనల తరువాత తన జ్ఞాపకంలోని అంశాలను యంత్రానికి ఇచ్చి అధ్యాయం రాయమంటే, అధ్యాయం సుష్ఠుగా వస్తుంది. అందులో ఆ తప్పు ఉండదు. తప్పు లేకపోవడంతో, సరైనది ఎలా తెలిసిందన్న దారి కూడా ఉండదు.

తీరిక ఎవరికి?

నిత్యలేఖనాన్ని సమర్థించేవారు తప్పించుకోకూడని ఆక్షేపణ ఇది. వీరాస్వామయ్యకు పరివారం ఉన్నది, గురజాడకు సంస్థానపు అండ ఉన్నది. పొలం పని, ఇంటి పని, బస్సు ప్రయాణం ముగించి రాత్రి పదింటికి పుస్తకం తెరిచే విద్యార్థినికి రోజూ రాసే తీరిక ఏది? మొదటితరం చదువరులకు ప్రామాణిక భాష అనే గోడను యంత్రం ఒక్క అంగలో దాటిస్తుంటే, డైరీ రాయమనడం అగ్రహారపు ఉపదేశం కాదా?

ఈ ఆక్షేపణలో తీరిక గురించిన సగం పూర్తిగా నిజం. దానికి సమాధానం వ్యక్తుల క్రమశిక్షణలో లేదు, వసతిగృహాలలో, ఉపకారవేతనాలలో, పని గంటలలో ఉన్నది. నిత్యలేఖనాన్ని కేవలం సద్గుణంగా బోధించి ఊరుకునే ఆచార్యులు ఈ సంగతి దాటవేస్తున్నారు.

గోడ దాటించడం గురించిన మిగతా సగం మాత్రం నిలవదు. ఆ గోడను ఇప్పటికే కొందరు రచయితలు పగులగొట్టారు. కాళోజీ జీవితకాలమంతా బడిపలుకుల భాషతో తగవు పడ్డారు. చిత్తూరు పల్లె మాటను నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పచ్చనాకు సాక్షిగా కథలలో ఉన్నదున్నట్టు అచ్చెక్కించారు. నెల్లూరు ముస్లిం వాడకట్టు పలుకును మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలలో నిలిపారు. వీరు గోడ దాటి అవతలి భాషలో కలిసిపోయి ఉంటే తెలుగుకు ఆ పుస్తకాలు దక్కేవి కావు. యంత్రం చేసేది కలిపివేయడం. పాలమూరు పిల్ల తన మాటలో నాలుగు ముక్కలు ఇచ్చి బాగుచేయమంటే, యంత్రం ముందుగా బాగుచేసేది ఆ మాటనే. ప్రామాణిక భాష పుట్టుకతో వచ్చినవారికి యంత్రం వల్ల పోయేది తక్కువ. ఇంకా రాతకెక్కని భాష గలవారికే నష్టం అంతా. కనుక ఆక్షేపణ ఎవరి పక్షాన లేచిందో వారికే నిత్యలేఖనం ఎక్కువ అవసరం. అది డైరీ రూపంలోనే ఉండాలన్న నియమం లేదు. రోజుకు మూడు వాక్యాలు, బస్సులో ఫోనులో రాసుకున్నా సరే, తేదీ వేసి, దిద్దకుండా ఉంచితే చాలు.

కొలమానం తప్పు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్య నివారణకు నిబంధనలు తెచ్చింది. సారూప్యత 10 శాతం లోపు ఉంటే దండన లేదు. 40 శాతం దాకా ఉంటే సవరించి సమర్పించాలి. 60 శాతం దాకా ఉంటే ఏడాదిపాటు సమర్పణకు అనర్హత. అంతకు మించితే నమోదు రద్దు. ఆనాటి రోగానికి ఆ మందు సరైనదే. ఒకరి పుటలు మరొకరు ఎత్తిరాసుకునే అలవాటు మన శాఖలకు కొత్తది కాదు. అయితే ఆ నిబంధనలు కొలిచేది ఇతరుల వాచకంతో పోలికను మాత్రమే. యంత్రం ఇచ్చే వాచకం ఏ ఒక్కరి వాచకంతోనూ అక్షరాలా పోలదు. ఎవరూ రాయని సిద్ధాంత వ్యాసం సున్నాకు దగ్గరి సారూప్యతతో నిరాటంకంగా బయటపడుతుంది. ఇల్లిల్లూ తిరిగి పాటలు సేకరించిన పరిశోధకుడు ఆ పాటలను ఇచ్చినందుకు, అవి ఇంతకుముందే ఎక్కడో అచ్చయి ఉన్నందుకు, వివరణ రాసి ఇవ్వవలసి వస్తుంది. యంత్రరచనను పట్టే పరికరాలు కొనడం దీనికి విరుగుడని కొందరి ఆశ. పట్టుబడకుండా రాయించుకునే పద్ధతులు ఆ పరికరాలకంటే వేగంగా వస్తాయి. ఈ పరుగుపందెంలో తెలుగు శాఖలు దిగడం వృథా.

అడగవలసిన వస్తువు వేరు. సిద్ధాంత వ్యాసంతోపాటు పరిశోధనకాలపు నోటుపుస్తకాలను, తప్పులతో, కొట్టివేతలతో, తేదీలతో సహా, శాఖకు సమర్పించాలన్న నియమం ఉండాలి. మౌఖిక పరీక్షలో సగం ప్రశ్నలు వాటి నుంచి రావాలి. రెండవ ఏడు ఫలానా నెలలో ఈ అభిప్రాయం ఎందుకు మార్చుకున్నారు అన్న ప్రశ్నకు జవాబు యంత్రం వద్ద ఉండదు. పరీక్ష అయ్యాక అవి గ్రంథాలయంలో భద్రపడాలి. యంత్రాన్ని వెలివేయాలన్నది ఇక్కడి వాదం కాదు. పాత పత్రికల ప్రతులలో ఒక మాటను వెతకడానికి, పదసూచిక తయారీకి, దీర్ఘమైన ధ్వనిముద్రణను తొలి చిత్తుగా రాయించుకోవడానికి దానిని వాడుకోవచ్చు. విన్నరోజు రాత్రి రాసుకునే నాలుగు వాక్యాల జోలికి మాత్రం దానిని రానీయకూడదు.

నోటుపుస్తకాన్ని కూడా యంత్రంతో రాయించవచ్చు కదా అన్న సందేహం వెంటనే వస్తుంది. రాయించవచ్చు. మూడేళ్ల తరువాత ఒకేసారి పుస్తకాలను అడిగితే తప్పకుండా రాయిస్తారు. నెలకొకసారి పర్యవేక్షకులు ఆ పుస్తకం తెరిచి, చదివి, అంచున ఒక ప్రశ్న రాసి తిరిగి ఇచ్చే చోట రాయించడం కష్టం. ఎందుకంటే వచ్చే నెల ఆ ప్రశ్నకు ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలి. నియమం అమలు కావాలంటే చదివేవారు కావాలి. పరిశోధకుల చిత్తుప్రతులను సమర్పణకు ముందువారం మాత్రమే చూసే ఆనవాయితీ యంత్రం రాకముందే ఉన్నది. దాని వల్ల ఏర్పడిన ఖాళీలోకే యంత్రం ఇంత సులువుగా ప్రవేశించింది. పరిశోధకులను నోటుపుస్తకాలు అడిగే సమావేశంలో ఆచార్యులు గత నెలలో తాము రాసుకున్న పుటలను ముందుగా బల్ల మీద పెట్టగలరా అన్న ప్రశ్న లేస్తుంది. ఆ ప్రశ్నను అమర్యాదగా భావించి కార్యక్రమపట్టిక నుంచి తొలగించకుండా, మొదటి అంశంగా చేర్చడం ఉచితం.